దుర్యోధనుడే చెప్పే ద్యూతసభ: కథ సమర్థనగా మారకుండా ఎలా?

సభాపర్వాన్ని దుర్యోధనుడే చెబుతున్నట్టు ఉత్తమపురుషలో 4,000 మాటల కథగా రాస్తున్నాను. మయసభ దాకా బాగానే నడిచింది. అక్కడ మూలంలోనే పట్టు దొరుకుతుంది: అతను నీళ్లలో పడ్డప్పుడు భీముడూ తమ్ముళ్లూ నవ్వారని కథకుడు చెబుతాడు. తర్వాత తండ్రి దగ్గర మొరపెట్టుకునేటప్పుడు దుర్యోధనుడు ఆ నవ్వులో ద్రౌపదినీ చేరుస్తాడు. అవమానం మనసులో ఎలా పెరుగుతుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఆధారం ఉండదు.

చిక్కంతా ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చే ఘట్టంలో. అతను కారణాలు చెప్పుకుంటే అది రచయిత సమర్థనలా వినిపిస్తోంది. పశ్చాత్తాపం పెడితే పాత్ర చెడుతోంది, ఆ క్షణంలో అతనికి అది లేదు కదా. ప్రథమపురుషకు మార్చి చూశాను, మయసభ భాగం బిగి సడలింది. ఘట్టాన్ని దాటేసి నేరుగా రెండో జూదానికి, 12 ఏళ్ల అరణ్యవాసం పందేనికి వెళ్తే తప్పించుకున్నట్టుంది. ద్రౌపదిని గెలిచినట్టు కాదన్న తమ్ముడు వికర్ణుడి అభ్యంతరాన్ని పూర్తిగా వినిపిస్తే కొంత నయం, కానీ కర్ణుడు అతన్ని ఖండించగానే తూకం మళ్లీ ఒరుగుతోంది. ధర్మరాజు ముందు తనను తాను ఓడాడా, నన్నా అని ద్రౌపది అడిగిన ప్రశ్నను మాత్రం ఒక్క అక్షరం కూడా తగ్గించను.

ఉత్తమపురుషను వదలకుండా, అతను నమ్మేదానికీ పాఠకుడు చూసేదానికీ ఉన్న తేడా ఈ ఒక్క ఘట్టంలో తెలిసేలా మీరైతే ఏ పద్ధతి వాడతారు?