మెంటార్ పేరు ప్రతి వ్యాసంపైనా ఉండాలా? ఫైనాన్స్ శాఖల్లో యువ అధ్యాపకుల గురించి ఒక చర్చ

అసిస్టెంట్ ప్రొఫెసర్, విశాఖపట్నం:
ఫైనాన్స్ బోధించే శాఖల్లో కొత్తగా చేరిన వారికి ఒక సీనియర్ ప్రొఫెసర్‌ను మెంటార్‌గా నియమించడం మేలైన పద్ధతే. అయితే ఆ మెంటారే మన పదోన్నతిని పరిశీలించే స్క్రీనింగ్ కమిటీలో కూర్చోవడం, మనం రాసే ప్రతి వ్యాసంలోనూ తన పేరు ఉండాలని ఆశించడం సమంజసమేనా? విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ఇద్దరు కలిసి రాసిన వ్యాసానికి, పదోన్నతికి లెక్కించే రీసెర్చ్ స్కోర్‌లో ఒక్కొక్కరికీ 70 శాతం పాయింట్లు దక్కుతాయి. అంటే డేటా సేకరించి, రిగ్రెషన్లు (గణాంక విశ్లేషణలు) చేసి, వ్యాసమంతా రాసినవారు 30 శాతం వదులుకుంటే, ముసాయిదాను ఒకసారి చదివిన వారి ఖాతాలో 70 శాతం చేరుతుంది. దీనిని సలహాకు తగిన ప్రతిఫలమని ఎలా అనుకోవాలి?

ప్రొఫెసర్, హైదరాబాద్:
మేడమ్, చదివి సంతకం పెట్టే మెంటార్లను నేనూ సమర్థించను. కానీ కలిసి రాయడాన్నే అనుమానించడం సరికాదు. ఫైనాన్స్‌లో పరిశోధనా నైపుణ్యం ఉపన్యాసాలతో అబ్బేది కాదు. ప్రమోటర్ల వాటా పెరిగినందువల్ల కంపెనీ లాభం పెరిగిందా, లాభాలు వస్తున్నాయి కనుకనే ప్రమోటర్లు వాటా పెంచుకున్నారా అన్న ఎండోజెనిటీ సమస్యను, అంటే ఏది కారణమో ఏది ఫలితమో తేలని చిక్కును, ఎలా విడదీయాలో, పత్రిక తరఫున వ్యాసాన్ని పరిశీలించే రిఫరీ అడిగిన ప్రశ్నల్లో దేనికి కొత్త పరీక్షలు చేయాలో, దేనికి వివరణ చాలునో, ఒకే ఫైలు మీద ఇద్దరూ నెలల తరబడి పనిచేసినప్పుడే తెలుస్తుంది. భారతీయ కంపెనీల ఆర్థిక వివరాలందించే సీఎంఐఈ ప్రోవెస్ వంటి డేటాబేస్‌కు చందా కట్టలేని కళాశాలల్లో, వారానికి 16 గంటల బోధన మోస్తున్న కొత్త అధ్యాపకులకు సహరచన తప్ప వేరే దారి కనిపించదు. ఇక కమిటీ విషయానికి వస్తే, శాఖలో ఫైనాన్స్ తెలిసినవారు ఒకరిద్దరే ఉన్నప్పుడు వారిని పక్కన పెడితే మీ పని విలువను అక్కడ వివరించేదెవరు?

పరిశోధకుడు, డల్లాస్:
దీనిపై కొంత ఆధారం ఉంది. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్‌కు చెందిన మహిళా కమిటీ 2004లో మహిళా అసిస్టెంట్ ప్రొఫెసర్ల కోసం సీమెంట్ అనే మెంటారింగ్ కార్యక్రమాన్ని మొదలుపెట్టి, దరఖాస్తుదారుల్లో పాల్గొనేవారిని లాటరీ పద్ధతిన ఎంపిక చేసింది. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఐదేళ్ల తర్వాత పాల్గొన్నవారికి మిగిలినవారికంటే సగటున మూడు ప్రచురణలు ఎక్కువగా ఉన్నాయి. అగ్రశ్రేణి పత్రికలో ప్రచురణ సాధించే అవకాశం 25 శాతం పాయింట్ల మేర పెరిగింది. ఇది అర్థశాస్త్రానికి సంబంధించినది కనుక ఫైనాన్స్‌కు యథాతథంగా వర్తిస్తుందని అనను. కానీ అక్కడ పరిశోధనాంశాన్ని బట్టి చిన్న బృందాలను ఏర్పరచి, పరస్పరం ముసాయిదాలు చదివించారు. సలహా పొందడానికి సహరచన షరతు కాదు. టెన్యూర్ (శాశ్వత నియామకం) పరిశీలనలోనూ సహరచయితలు రాసిన అభిప్రాయ లేఖలకు ఇక్కడ సాధారణంగా స్వతంత్ర లేఖలంత విలువ ఇవ్వరు.

అసిస్టెంట్ ప్రొఫెసర్, విశాఖపట్నం:
సార్, కలిసి పనిచేస్తేనే నేర్చుకుంటామన్న మీ మాటను అంగీకరిస్తున్నాను. నిజంగా పనిచేసిన సహరచయిత పేరు ఉండి తీరాలి. నా ఆందోళనకు కారణం మరొకటి. మంచి ఫైనాన్స్ పత్రికల్లో ఒక వ్యాసం సవరణలన్నీ దాటి అచ్చులోకి రావడానికి ఏళ్లు పట్టవచ్చు. మెంటార్‌కు కూడా ఆ వ్యాసం నుంచి పాయింట్లు కావలసి ఉంటే, "ఇంకో ఏడాది ఆగి మంచి పత్రికకు పంపు" అని చెప్పవలసిన మనిషికే తొందరగా అచ్చువేసే పత్రికపై మొగ్గు కలుగుతుంది. నమ్మదగిన పరిశోధనా పత్రికలను సూచించే యూజీసీ కేర్ జాబితాను 2025లో నిలిపివేసిన తర్వాత ఏది నమ్మదగిన పత్రికో తేల్చే బాధ్యత విద్యాసంస్థల మీదికి వచ్చింది కాబట్టి, స్వప్రయోజనం లేని సలహా అవసరం ఇప్పుడు మరింత ఎక్కువ. శాఖలో నిపుణులు లేరన్న ఇబ్బందికి నా దృష్టిలో పరిష్కారం ఇతర విశ్వవిద్యాలయాల వారిని, పదవీ విరమణ చేసిన ఆచార్యులను మెంటార్లుగా తీసుకోవడం. 2020 జాతీయ విద్యావిధానం ప్రతిపాదించిన నేషనల్ మిషన్ ఫర్ మెంటారింగ్ ఉద్దేశం కూడా అలాంటిదే. శాఖలోని సీనియర్‌తో కలిసి రాసేటప్పుడు ఎవరి పని ఏమిటో మొదటే కాగితం మీద పెట్టుకోవాలి. ఆయన కమిటీకి లిఖితపూర్వకంగా అభిప్రాయం తెలపవచ్చు కానీ మార్కులు వేయకూడదు. ఈ ఏర్పాటులో మీకు ఇంకా అభ్యంతరం ఉంటే, ముఖ్యంగా ఒకే ఒక్క ఫైనాన్స్ ప్రొఫెసర్ ఉన్న శాఖల విషయంలో, దయచేసి వివరించండి.