వర్ధంతి: పోయినరోజా, పుట్టినరోజా?

ప్రశ్న: శృంగేరి పీఠాధిపతుల ‘వర్ధంతి మహోత్సవం’ ఆహ్వానం తెలుగు గుంపుల్లో కనబడితే చాలు, కింద ‘ఓం శాంతి’లు పడుతున్నాయి. తీరా చూస్తే అది జన్మదినోత్సవం. మనం పోయినవారికి వాడే మాట కన్నడిగులకు పుట్టినరోజు ఎలా అయింది? తప్పు ఎవరిది?

హిందూపురం సభ్యుడు: ఎవరిదీ కాదండీ. ధాతువు ‘వృధ్’, అంటే పెరగడం. వృద్ధి, వర్ధనం, వర్ధిల్లడం అన్నీ దాని పిల్లలే. కన్నడం ధాతువును అంటిపెట్టుకుంది: వయసులో ఓ ఏడు పెరిగిన రోజు వర్ధంతి. మైసూరు మహారాజుల పుట్టినరోజునూ అలాగే పిలిచేవారు. మన దగ్గర పుట్టుకకు ‘జయంతి’ స్థిరపడి, వర్ధంతి రెండో ఖాతాలో పడింది.

ఎందుకు పడిందంటే నా ఊహ ఇది. అశుభాన్ని శుభమైన మాటతో చెప్పడం మనకు అలవాటు. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం. దీపం ఆరితే ‘కొండెక్కింది’. మంగళసూత్రం తెగితే ఆడవాళ్లు ‘తెగింది’ అనరు, ‘పెరిగింది’ అంటారు. హిందీవాళ్లూ అంతే: దీపం ఆర్పడాన్ని ‘దియా బఢానా’ అంటారు, గాజులు తీయడాన్ని ‘చూడీ బఢానా’ అంటారు. ఆ ‘బఢ్‌’కీ మూలం ఈ ‘వృధ్’ ధాతువే. పెరగడం అనే మాట తెగిపోవడాన్ని కప్పుతోంది చూడండి.

ఒక పురోహితుడు: వర్ధంతి పేపరు మాట. ఇళ్లలో తద్దినం, ఆబ్దికం, సంవత్సరీకం, లేదంటే ‘రేపు నాన్నగారి తిథి’ అంటారు. తద్దినం అంటే తత్ + దినం, ‘ఆ రోజు’. ఏ రోజో చెప్పదు, చెప్పక్కర్లేదు కూడా. అంత మంచి మాట ‘కొని తెచ్చుకున్న తద్దినం’ దగ్గర తిట్టయిపోయింది, పాపం.

ఈ రెంటినీ కలిపేస్తేనే చిక్కు. వర్ధంతి ఇంగ్లీషు తేదీకి, ఆబ్దికం తిథికి. త్యాగరాజస్వామి పోయింది 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు. తిరువయ్యారులో ఆరాధన ఆ తిథినే పట్టుకుంటుంది కాబట్టి 2023లో జనవరి 11న, 2024లో జనవరి 30న వచ్చింది. మరో పొరపాటు, క్యాలెండరు గడిలో ఉన్న తిథి చూసి రోజు ఖాయం చేయడం. అక్కడ వేసేది సూర్యోదయానికి ఉన్న తిథి. ఆబ్దికానికి కావలసింది అపరాహ్ణంలో ఉన్న తిథి. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. ఆరింటికి సూర్యోదయం, ఆరింటికి అస్తమయం అనుకుంటే మధ్యాహ్నం 1.12 నుంచి 3.36 దాకా. అమెరికాలో ఉన్నవారు అక్కడి ఊరి పంచాంగమే చూడాలి, ఇక్కడి తేదీ ఫోన్లో చెప్పించుకుంటే రోజు తప్పొచ్చు.

కడప సభ్యుడు: మా ఊరి మాట ఒకటి కలుపుతాను. పెద్ద దర్గా ఉరుసుకు వెళ్లేవారిలో చాలామందికి తెలియదు, అరబ్బీలో ‘ఉర్స్’ అంటే పెళ్లి. సూఫీ గురువు పోయిన రోజు ఆయన దేవుణ్ణి చేరిన రోజని ఆ పేరు. అయితే ఇంట్లో పోయినవారికి ఉరుసు అనరు. నలభయ్యో రోజు చెహల్లుం, ఏడాదికి బర్సీ.

ప్రూఫులు దిద్దే సభ్యురాలు: ‘వర్థంతి’ అని థ పెట్టకండి, ధాతువులో ఉన్నది ధ. ‘వర్ధంతి శుభాకాంక్షలు’ తెలుగులో వేయకండి, ఎంత ధాతుశుద్ధి ఉన్నా సరే. లెక్కకు తీసివేత చాలు: గిడుగు రామమూర్తి 1940 జనవరి 22న పోయారు, మొదటి వర్ధంతి 1941లో. పుట్టింది 1863 ఆగస్టు 29న, కాబట్టి 2023లో 160వ జయంతి. 161 అని వేసేవారు పుట్టిన రోజునే ఒకటిగా లెక్కపెడుతున్నారు.

ప్రశ్న అడిగినవారు: మరి కన్నడ స్నేహితుడి తండ్రిగారు పోయి ఏడాదైతే ఏమని రాయాలి?

హిందూపురం సభ్యుడు: ‘పుణ్యస్మరణె’ అని రాయండి. వర్ధంతి అని మాత్రం రాయకండి, పెద్దాయన పుట్టినరోజు అనుకుంటారు.