అప్‌డేట్: హత్య క్వారీలోనే ఉంది, టెన్షన్ ఇంట్లోకి వచ్చింది

పోయిన నెల మిమ్మల్ని అడిగాను: నా నవలలో హత్య చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీలో జరుగుతుంది, కథేమో ఒక తల్లి ఇంట్లో నడుస్తుంది, ఉత్కంఠ ఎలా నిలపాలని. "పాఠకుడికి ముందే తెలియనివ్వండి, ఆమెకు తెలియనివ్వకండి" అన్నారు. అదే పట్టుకున్నాను.

పోలీసు సీన్లు రెండూ తీసేశాను. చనిపోయిన సూపర్‌వైజర్ వాచీ, రాతిపొడి పట్టినది, కొడుకు ప్యాంటు జేబులో ఉందని మొదటి అధ్యాయంలోనే చూపించాను. ఆమె బట్టలు నానబెట్టబోతుంది, కరెంటు పోతుంది, లేదా నీళ్ల ట్యాంకర్ వస్తుంది. ఆ ప్యాంటు మాత్రం దండెం మీదే. ఒంగోలులో మా అక్కకు చదివి వినిపిస్తుంటే, "ముందు జేబు చూడమనవే!" అని అరిచేసింది. ఎంత సంతోషమేసిందో!

హంతకుడెవరో చివర్లో చెప్పాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. చాలా థాంక్స్ అండీ.