ఇంగ్లీషులోని జర్మన్ తిట్లు నిజంగా జర్మన్‌వేనా?

వేపకాయ:
నా వాదన ఇదీ. ఇంగ్లీషువాడి బూతుల్లో చాలావరకు జర్మన్ సరుకే. 'షిట్' వాళ్ల 'షైసె' నుంచి వచ్చిందే. 'షైస్టర్', 'ష్మక్' సంగతి వింటేనే తెలుస్తోంది. కాదన్నవాళ్లు కారణం చెప్పండి. (ఇంట్లో పెద్దవాళ్లుంటే పైకి చదవకండి.)

అటకమీది పుస్తకం:
మొదటి మాటలోనే పప్పులో కాలేశారు వేపకాయ గారూ. 'షిట్' అరువు మాట కాదు, పాత ఇంగ్లీషులోనే ఉంది. రెండు భాషలూ ఒక తల్లి బిడ్డలు, అంతే. చాలా మాటల్లో ఇంగ్లీషు 'ట' ఉన్నచోట జర్మన్‌లో 'స' పలుకుతుంది: వాటర్–వాసర్, ఈట్–ఎసెన్, షిట్–షైసె. కన్నడంవాళ్లు పాలను 'హాలు' అంటారు. అందుకని మన దగ్గర అప్పు తీసుకున్నారంటామా?

'షైస్టర్' మాత్రం మీ ఖాతాలోనే వేసుకోండి. 1843లో న్యూయార్క్‌లో అచ్చులోకెక్కింది. జైలు దగ్గర కాపేసి ఖైదీల డబ్బు గుంజే చదువులేని ప్లీడర్లను అలా అనేవారు. షేక్‌స్పియర్ నాటకంలోని వడ్డీవ్యాపారి షైలాక్ పేరు నుంచి పుట్టిందని ఒక కథ, షూస్టర్ అనే లాయరు పేరని ఇంకో కథ. రెండూ కట్టుకథలే. ఈ మాట పుట్టుకను తవ్వి తీసిన జెరాల్డ్ కోహెన్ జర్మన్ 'షైసర్' దగ్గరే తేల్చారు. షైసర్ అంటే ఏమిటో విడమర్చి చెప్పను, భోజనాల వేళ.

మ్యూనిక్ మేనత్త:
ఇక్కడ నగల కొట్ల బోర్డుల మీద 'ష్ముక్' అని పెద్దక్షరాలతో ఉంటుంది. ష్ముక్ అంటే జర్మన్‌లో నగలే. అమెరికాలో ష్మక్ అంటే వెధవ. అది యూదుల యిడ్డిష్ మాట, అసలర్థం మగవాడి అంగం. యిడ్డిష్ ఇళ్లలో పెద్దల ముందు అనే మాట కాదది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి పదును పోయింది. తెలియని భాషలో తిట్టడం ఎప్పుడూ సులువే కదా!

వేపకాయ:
యిడ్డిష్ జర్మన్‌కి చెల్లెలే కదా మేనత్త గారూ. ఇంటి లెక్కలోకే వస్తుంది.

అటకమీది పుస్తకం:
రాదు. ఆ మాటల్ని న్యూయార్క్ వీధుల్లోకి తెచ్చింది తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదులు, బెర్లిన్‌వాళ్లు కాదు. పైగా ఈ ఒక్క మాటకి పోలిష్ మూలం చూపించే నిఘంటువులూ ఉన్నాయి.

చింతకాయ తొక్కు:
మీ పాండిత్యం మధ్య నాదొక ముక్క. 'లోఫర్'కి జర్మన్ 'లాంట్‌లాయ్‌ఫర్', అంటే దేశదిమ్మరి, మూలం కావచ్చని నిఘంటువులంటాయి. ఒట్టేసి మాత్రం చెప్పవు. ఇంగ్లీషులో సోమరి అనే అర్థం, లేదంటే ఒకరకం బూటు. అదే మాట మా బాబాయిని మా నాన్న ఒకసారి అంటే ఇద్దరికీ సంక్రాంతి దాకా మాటల్లేవు! అరువు తిట్టు చప్పబడుతుందని మేనత్త గారంటున్నారు గానీ, మన దగ్గరకొచ్చాక దీనికి కారం ఎక్కింది.

మ్యూనిక్ మేనత్త:
అది నిజమే తమ్ముడూ, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. తల్లిభాషలో కూడా తిట్టు బరువు అందరూ అనుకున్నట్టు ఉండదు. బస్సు తప్పితే, కాఫీ ఒలికితే జర్మన్లు షైసె అనేస్తారు, మనం 'అంతా పెంటయింది' అన్నట్టు. మనిషిని పట్టుకుని తిడితే మాత్రం వేరే కథ. ఇక్కడి శిక్షాస్మృతి 185వ సెక్షన్ కింద అవమానించడం నేరం, జరిమానాగానీ జైలుగానీ పడొచ్చు. కారులోంచి మధ్యవేలు చూపించినా కేసవుతుంది.

ఇంకో తమాషా. ఇప్పుడు సరుకు ఎదురు నడుస్తోంది. ఇంటర్నెట్‌లో జనం ఒకరి మీద విరుచుకుపడటాన్ని జర్మన్లు 'షిట్‌స్టార్మ్' అంటారు. 2013లో డూడెన్ నిఘంటువులోకీ ఎక్కింది. 2018లో న్యూరెంబర్గ్‌లో డిజిటల్ సదస్సు వేదిక మీద అప్పటి జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ ఆ మాట మామూలుగా అనేశారు. ఇంగ్లీషు పత్రికలే ఉలిక్కిపడ్డాయి. తమ ఇంట్లో ఉన్న మాటనే వేరే వేషంలో తెచ్చుకున్నారు, బూతని కూడా అనిపించలేదు.

వేపకాయ:
సరే, షిట్ మీద నా దావా వదులుకుంటున్నా. షైస్టర్ నాదే. యిడ్డిష్ దగ్గర మాత్రం తగ్గేది లేదు, అటక గారూ, రేపు మళ్లీ వస్తా.