పెసోవా పాఠం: మూడు గొంతులు రాయమంటే ఒకే గొంతు వస్తోంది

డిగ్రీ రెండో ఏడాది పిల్లలకు, 32 మందికి, పోర్చుగీసు కవి ఫెర్నాండో పెసోవా పాఠం చెబుతున్నాను. 1915లో లిస్బన్‌లో రెండే సంచికలు వెలువడిన ‘ఓర్ఫెవు’ పత్రికతో అక్కడ ఆధునికవాదాన్ని నిలబెట్టిన వాళ్లలో ఆయనొకడు. ఆయనవి ఉత్త కలంపేర్లు కావు, కాయిరు, రైష్, కాంపుష్ లాంటి కవులను ఏకంగా మనుషులుగానే పుట్టించి, వాళ్ల పేర్లతో కవితలు రాశాడు. 1935 జనవరి 13 నాటి ఉత్తరంలో వాళ్ల చదువులు కూడా చెప్పాడు: కాయిరుది ప్రాథమిక బడి చదువే, రైష్ జెసూట్ల బడిలో చదివిన డాక్టరు, కాంపుష్ గ్లాస్గోలో చదివిన నౌకా ఇంజనీరు. చదువును బట్టి చూపు మారుతుందని ఇంత సూటిగా చూపిన కవిని నేను చదవలేదు. అందుకే పాఠం దీనిమీదే కట్టాను.

మొదట 50 నిమిషాల పీరియడ్‌లో ‘కిటికీ బయట వాన’ మీద ముగ్గురిలా తలా ఎనిమిది పంక్తులు రాయమన్నాను. పేర్లు మారాయి, గొంతు మారలేదు. ఒకమ్మాయి కాయిరు చేత ‘వాన ఆత్మ రోదన’ అనిపించింది! వస్తువును వస్తువుగానే చూడాలన్న మనిషి అతను. మరుసటి వారం ముందుగా ముగ్గురి బయోడేటాలు రాయించాను. అవి చక్కగా వచ్చాయి కానీ, కవితలు కూడా బయోడేటాల్లాగే తయారయ్యాయి. మూడోసారి కాయిరుకు ఉపమలు నిషేధించాను. దాంతో అతని గొంతు విడివడింది, అదీ చాలామందికి. రైష్, కాంపుష్ మాత్రం ఇంకా కలిసిపోయే ఉన్నారు.

ఆ ఇద్దరినీ విడదీయడానికి, ఉపమల నిషేధంలా ఒక్క వాక్యంలో పిల్లలకు చెప్పగలిగే నియమం ఏది పెట్టాలి?