కోత పండుగ: ఆమోసు నాటిక, సీట్లు, బస్సులు

నాటిక బృందం:
అందరికీ వందనాలు. ఈసారి బైబిల్లోని రూతు కథ బదులు ఆమోసు కథ వేద్దామంటే పాస్టరు గారు సరేనన్నారు. కువైట్‌లో బతుకుతున్న మనం వినాల్సిన ప్రవక్త ఆయన.

మొదటి సీను బేతేలు గుడి. క్రీ.పూ. 8వ శతాబ్దం, ఇశ్రాయేలులో రెండో యరొబాము రాజు ఏలుబడి. దేశం విస్తరించింది, డబ్బు చేరింది. రాజధాని షోమ్రోనులో ధనికులకి దంతపు మంచాలు. (1930ల తవ్వకాల్లో అక్కడ దంతపు పలకలు బయటపడ్డాయి, తెర మీద ఫోటో వేద్దాం.) గుళ్లో బలులకీ పాటలకీ లోటు లేదు, బయట జత చెప్పుల కోసం బీదవాణ్ణి అమ్మేస్తున్నారు. తెకోవ నుంచి వచ్చిన పశులకాపరి, మేడిపండ్లు ఏరుకునే మనిషి, మీ పండుగలు నాకు అసహ్యమంటున్నాడు దేవుడు అని గట్టిగా చెప్పాడు.

రెండోది సంత. దీన్ని తొందరగా దాటించొద్దు. కొలిచే తూము చిన్నది, త్రాసు దొంగది, గోధుమల్లో చచ్చు ధాన్యం. అయినా ఆ వర్తకులు విశ్రాంతిదినాన్ని మీరలేదు. కొట్టు కట్టేసి, ఇదెప్పుడు అయిపోతుందా అని కూర్చున్నారు. భక్తి తప్పని మనుషులే మోసం చేస్తున్నారు, ఆమోసు కోపమంతా అక్కడే. చివర్లో యాజకుడు అమజ్యా, ఇది రాజు గుడి, నీ దేశం యూదాకి పారిపొమ్మని ఆమోసుని తరుముతాడు.

ఇంత చెప్పి ముందు వరుసలు స్పాన్సర్లకి ఉంచడానికి నాకు మనసొప్పడం లేదు. మహబూలా కూలీల క్యాంపుల తమ్ముళ్లూ, ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి అక్కలూ ముందు కూర్చోవాలి. వాళ్లని భోజనం టోకెను కూడా అడగొద్దు.

లెక్కల బాధ్యత:
అన్నా, హాలు అద్దె ఆ స్పాన్సర్లిచ్చిందే. వేలంపాటలో గుమ్మడికాయ దగ్గర్నుంచి కోడి దాకా పాడేదీ వాళ్లే. నొచ్చుకుంటారేమో.

నాటిక బృందం:
తమ్ముడూ, స్టేజీ మీద పేరుపేరునా కృతజ్ఞత చెబుదాం, అందులో తక్కువ చేయొద్దు. సీటు మాత్రం వేరే సంగతి. ఇంకోటి కూడా కమిటీ ముందు పెడుతున్నాను. మనకి విరాళమిచ్చేవాళ్లలో ఎవరైనా తన దగ్గర పనిచేసేవాళ్లకి జీతం బాకీ ఉంటే, ముందు అది తీర్చమని పెద్దలు వెళ్లి అడగాలి. తీర్చేదాకా ఆ డబ్బు ముట్టొద్దు. వేలంపాట సొమ్ము జీతాలు ఆగిపోయి ఇంటికెళ్లలేని వాళ్ల టికెట్లకి ఇద్దాం.

స్త్రీల సమాజం:
జీతం మాట నేనూ బలపరుస్తున్నాను అన్నా. ఇళ్లలో పనిచేసే అక్కల్లో కొందరికి శుక్రవారం సాయంత్రం మాత్రమే వదులుతారు. కార్యక్రమం ఉదయం పెడితే వాళ్లు రాలేరు. నాలుగింటికి మార్చండి.

రవాణా:
నాలుగైతే మహబూలాకి, జలీబ్‌కి చెరో బస్సు మాట్లాడతాను. తిరుగు ప్రయాణం కూడా కలిపే. పేర్లు బుధవారానికల్లా పంపండి.

నాటిక బృందం:
మంచిది అన్నా. సంత సీనుకి పాత తక్కెడ ఒకటి కావాలి, ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడే చెప్పండి. అమజ్యా వేషానికి ఇంకా మనిషి దొరకలేదు.