యాప్‌లో రోజూ 500 క్యాలరీలు తక్కువే చూపిస్తోంది, 2 నెలలైనా బరువు కదలట్లేదు, లెక్క ఎక్కడ తప్పుతోంది?

నడక78:
అందరికీ నమస్తే. ఇక్కడ ఫోన్‌లో తిండి, వ్యాయామం రాసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కదా, కాస్త చూసి చెప్పండి. మగ, వయసు 38, ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. రెండు నెలలుగా ఒక్క పూట కూడా వదలకుండా యాప్‌లో ఎక్కిస్తున్నా, టీలో వేసుకున్న చక్కెర కూడా. మొదట్లో యాప్ అడిగినప్పుడు రోజూ గంట నడుస్తా కాబట్టి "యాక్టివ్" అని పెట్టా, రోజుకి 2020 క్యాలరీలు టార్గెట్ ఇచ్చింది. వాచ్ కూడా కనెక్ట్ చేశా, నడిచి రాగానే అది ఇంకో 350 కలిపేస్తుంది, అంటే 2370 దాకా తినొచ్చని పచ్చరంగులో చూపిస్తుంది, నేను దాదాపు ఆ అంకె దాకా తింటున్నా, దాటట్లేదు. రోజుకి 500 తక్కువంటే రెండు నెలల్లో దగ్గర దగ్గర 4 కిలోలు తగ్గాలి కదా, తగ్గింది అర కిలో, అది కూడా రెండ్రోజులకోసారి తిరిగొచ్చేస్తోంది. నిన్న పొద్దున మెషీన్ మీద 78.3 చూసి చాలా బాధేసింది. థైరాయిడ్ టెస్ట్ చేయించా, నార్మలే. తప్పు నాదా యాప్‌దా, వేరే యాప్‌కి మారితే ఏమన్నా ఉపయోగం ఉంటుందా?

అంకెలతోడు:
మారక్కర్లేదండి, జవాబు మీ పోస్ట్‌లోనే ఉంది. మీ నడకని రెండుసార్లు లెక్కేశారు.

ఇలాంటి యాప్స్‌లో చాలావరకు 1990లో వచ్చిన మిఫ్లిన్ సెయింట్ జోర్ ఫార్ములానే వాడతాయి. బరువుని 10తో, ఎత్తుని 6.25తో గుణించి కలిపి, అందులోంచి వయసుని 5తో గుణించి తీసేసి, మగవాళ్లకైతే 5 కలుపుతారు, ఆడవాళ్లకైతే 161 తీసేస్తారు. మీకు 1626 వస్తుంది, అంటే ఏ పనీ చెయ్యకుండా పడుకునే ఉన్నా ఒంటికి రోజుకి అయ్యే ఖర్చు. దాన్ని ఎక్కువగా కూర్చుని పనిచేసేవాళ్లకి 1.2తో, కాస్త గట్టిగా వ్యాయామం చేసేవాళ్లకి 1.55తో గుణిస్తారు. మీరు యాక్టివ్ అన్నారు కాబట్టి 2520, అందులో 500 తీసేస్తే సరిగ్గా మీ 2020. ఆ 1.55లో మీ గంట నడక ఆల్రెడీ ఉంది, దాని మీద వాచ్ మళ్లీ 350 కలిపింది.

ఆ 350 కూడా నమ్మేలా లేదు. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు చేతికి పెట్టుకునే 7 డివైజ్‌లని పరీక్షించారు, గుండె వేగం ఆరింటిలో బాగానే వచ్చింది కానీ క్యాలరీల ఖర్చు మాత్రం ఒక్కటి కూడా సరిగ్గా చెప్పలేదు, అన్నింట్లో మెరుగైనదే సగటున 27% తేడా, బాగా తప్పింది 93%. గుండె వేగాన్ని వాచ్ కొలుస్తుంది, క్యాలరీలని మాత్రం ఊహిస్తుంది, స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి మనకి తేడా తెలీదు. ఇంకో విషయం, 78 కిలోల మనిషి గంటసేపు కుర్చీలో కూర్చున్నా 78 క్యాలరీల దాకా ఎలాగూ ఖర్చవుతాయి. మామూలు స్పీడ్‌లో గంట నడిస్తే మొత్తం 270 దగ్గర అవుతుంది, అంటే నడిచినందుకు అదనంగా వచ్చింది 200 కంటే తక్కువే.

కాబట్టి 1626ని 1.2తో గుణిస్తే కూర్చునేవాళ్ల లెక్క 1950, నడకకి ఓ 200, వెరసి 2150. మీరు తింటున్నది 2370. అలాగైతే బరువు పెరగాలి కదా అంటారేమో, ఫార్ములా కూడా అంచనానే, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. రెండు నెలలు బరువు అక్కడే నిలబడింది అంటే మీ ఒంటి ఖర్చు ఇంచుమించు మీరు తింటున్నంతే ఉందని అర్థం. ఏ యాప్ ఇవ్వలేని అంకె ఇది, రెండు నెలలు ఓపిగ్గా రాశారు కాబట్టే దొరికింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి వ్యాయామం క్యాలరీలు టార్గెట్‌కి కలిపే ఆప్షన్ ఆపేయండి, ఇప్పుడు తింటున్నదాన్లోంచి 400 తగ్గించి మూడు వారాలు చూడండి.

గ్రాముగ్రాము:
పైన చెప్పింది కరెక్టే, కానీ తినే వైపు కూడా ఒకసారి చూసుకోండి, నేను ఏడాది పాటు అక్కడే పొరబడ్డా. 100 గ్రాముల బియ్యం అంటే 360 క్యాలరీల దాకా, అదే 100 గ్రాముల అన్నం అంటే 130. యాప్‌లో సెర్చ్ చేస్తే రెండూ పక్కపక్కనే వస్తాయి, నేను బియ్యం తూచి అన్నం ఎంట్రీ మీద నొక్కేదాన్ని, ప్రతిరోజూ 230 క్యాలరీలు లెక్కలోకి రాకుండా పోయేవి.

తర్వాత నూనె. కూరకి ఒక చిన్న స్పూను అని రాసేదాన్ని, అంటే 40 క్యాలరీలు. ఒకరోజు అనుమానం వచ్చి వంటకి ముందు నూనె సీసాని డిజిటల్ మెషీన్ మీద పెట్టి తూచా, వంట అయ్యాక మళ్లీ తూచా, తేడా 46 గ్రాములు. గ్రాము కొవ్వుకి 9 చొప్పున 414, ఇంట్లో నలుగురం కాబట్టి నా వాటా 100 పైనే. అది ఒక్క కూరకి, ఒక్క పూటకి! ఆ రోజు నుంచి స్పూన్ల లెక్క మానేశా, సీసా తూకమే.

ఇంకా, యాప్‌లో ఉన్న ఎంట్రీలు చాలావరకు మనలాంటి యూజర్లు ఎక్కించినవే, కళ్లు మూసుకుని నమ్మొద్దు. చెక్ చేయడం సులువే, ప్రొటీన్ గ్రాముకి 4, పిండిపదార్థం గ్రాముకి 4, కొవ్వు గ్రాముకి 9. ప్రొటీన్ 20, పిండి 30, కొవ్వు 10 అని ఉంటే 290 రావాలి, అక్కడ 150 అని రాసి ఉంటే ఆ ఎంట్రీ వదిలేయండి. బాధపడకండి, ఇది మనందరికీ ఉన్నదే. 1992లో ఎంత డైట్ చేసినా తగ్గట్లేదు అన్నవాళ్లని తీసుకుని డాక్టర్లు కొలిచి చూస్తే, వాళ్లు చెప్పిన తిండి అసలు తిన్నదానికన్నా సగటున 47% తక్కువ ఉంది, చేశామన్న వ్యాయామం 51% ఎక్కువ ఉంది. అందులో పదిమందే ఉన్నారులెండి, అయినా ఆ అంకెలు చదివాక నామీద నాకు కోపం తగ్గింది.

పొద్దుటితూకం:
బ్రో 78.3 చూసి అస్సలు డల్ అవ్వకు. ముందురోజు ఉప్పు ఎక్కువ తిన్నా, ఆలస్యంగా తిన్నా, నిద్ర సరిగ్గా లేకపోయినా పొద్దున కిలో అటూ ఇటూ అవుతుంది. కండల్లో దాచుకున్న గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం) ప్రతి గ్రాముకీ 3 గ్రాముల దాకా నీళ్లని పట్టుకుంటుంది, అదంతా కొవ్వు కాదు. రోజూ లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక తూచుకుని రాసేయ్, కానీ చూడాల్సింది వారం సగటు, ఈ వారం సగటుని పోయిన వారం సగటుతో పోల్చు, అంతే.

అన్నట్టు స్టెప్స్ టార్గెట్ 10000 పెట్టుకుని ఉంటే దాని కోసం కంగారు పడకు, ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన మాన్పోకే అనే అడుగుల మీటర్ పేరు నుంచి వచ్చింది, ఆ పేరుకి అర్థమే పదివేల అడుగుల మీటర్ అని. డబ్ల్యూహెచ్‌వో చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, దాంతో పాటు రెండు రోజులు కండలకి పని. నీ నడక ఆల్రెడీ సరిపోతుంది, బరువులెత్తడం ఒక్కటి కలుపుకో.

మెల్లగా_పరుగు:
నేను ఒక్కటే చెప్తా తమ్ముడూ, లెక్క సరిచేసుకో కానీ లెక్క నిన్ను మింగకుండా చూసుకో. నేను 212 రోజులు ఆపకుండా లాగ్ చేశా. ఆ చివరి రోజుల్లో దగ్గరి స్నేహితురాలు ప్రేమగా భోజనానికి పిలిస్తే వెళ్లలేదు, ఎందుకంటే వాళ్లింట్లో వండింది యాప్‌లో ఎలా ఎక్కించాలో తెలీదు, స్ట్రీక్, అంటే ఒక్క రోజూ వదలకుండా రాసిన వరస, పోతుందని. తను తర్వాత ఎందుకు రాలేదని అడిగింది, చెప్పడానికి నోరు రాలేదు. ఆ రాత్రే నోటిఫికేషన్లు అన్నీ ఆపేశా. తిండి విషయంలో ముందే భయాలు, ఇబ్బందులు ఉన్నవాళ్లు అయితే ఈ క్యాలరీ యాప్స్ జోలికే వెళ్లకుండా ముందు డాక్టర్‌తో మాట్లాడాలి, ఇది నేను ఊరికే అనట్లేదు.

2016లో వచ్చిన ఒక స్టడీలో 471 మంది మీద 24 నెలలు చూశారు, అందరికీ డైట్, వ్యాయామం సలహాలు ఒకేలా, ఒక గ్రూప్‌కి మాత్రం ఒంటికి కట్టుకునే ట్రాకర్ ఇచ్చారు. ట్రాకర్ ఉన్నవాళ్లు సగటున 3.5 కిలోలు తగ్గితే, మామూలుగా రాసుకున్నవాళ్లు 5.9 తగ్గారు. నేనిప్పుడు నెలకి ఒక వారం మాత్రం తూచి రాస్తా, చేతి అంచనా పక్కకి జరిగిందేమో చూసుకోవడానికి, మిగతా మూడు వారాలు ఫోన్ వంటింట్లోకి తీసుకెళ్లను. బరువు నిలబడే ఉంది.

నడక78:
మూడు వారాలయ్యింది, చెప్పకుండా ఉండలేక వచ్చా. వాచ్ కలిపేది ఆపేశా, "యాక్టివ్" తీసేసి కూర్చుని పనిచేసేవాళ్ల ఆప్షన్ పెట్టా, 1950 టార్గెట్ చేసుకున్నా. గ్రాముగ్రాము గారూ మీరు చెప్పినట్టే సీసా తూచా, మా ఇంట్లో పొద్దున వంటకి 38 గ్రాములు వచ్చింది, ముగ్గురం, నేను రాస్తోంది ఒక స్పూను! మా ఆవిడ కూడా అంకె చూసి నమ్మలేదు, మళ్లీ తూయించింది. వారం సగటు 78.1, 77.7, 77.3 వచ్చాయి, మధ్యలో ఒకరోజు 78.2 కనిపించింది కానీ ఈసారి దిగులు పడలేదు. మెల్లగా_పరుగు అక్కా, మీ పోస్ట్ రెండుసార్లు చదివా, స్ట్రీక్ రిమైండర్ తీసేశా. ఒక్క డౌట్, వానొచ్చి నడవని రోజు కూడా ఇదే 1950 తినాలా, తగ్గించాలా?

అంకెలతోడు:
అదే తినండి. వారంలో ఒకట్రెండు రోజులు నడవకపోయినా సగటులో కలిసిపోతుంది. బరువు 74 కిలోలకి దిగాక మాత్రం ఫార్ములాలో కొత్త బరువు వేసి మళ్లీ లెక్క చూసుకోండి, 1626 కాస్తా 1586 అవుతుంది.